ఎయిర్‌బ్యాగ్‌ దీపం ఆరకుంటే అలక్ష్యం వద్దు

* లోపాన్ని గుర్తించే తీరు, వాహనదారులు పాటించవలసిన జాగ్రత్తలు

కాసిపేట: కారు తాళం తిప్పగానే మీటర్ల పలకపై పలు దీపాలు వెలుగుతాయి. కొద్ది సెకన్లలో ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. వాటిలో కూర్చున్న మనిషి, అతని ముందు గుండ్రని బంతి ఆకారం ఉన్న దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంటే చాలామంది పట్టించుకోరు. ఇంజిన్‌ నడుస్తోంది, బ్రేకులు పడుతున్నాయి, మైలేజీ తగ్గలేదు కనుక తొందరేమీ లేదని భావిస్తారు. ప్రమాదం జరిగిన క్షణంలో ప్రాణం కాపాడవలసిన వ్యవస్థ పనిచేయకపోవచ్చునని ఆ దీపం ముందుగానే తెలియజేస్తోంది. దాని సంకేతాన్ని అర్థం చేసుకొని, లోపాన్ని క్రమపద్ధతిలో గుర్తించి సరిచేయించుకోవడం ప్రతి వాహన యజమాని బాధ్యత.

బొగ్గు గనుల ప్రాంతమైన కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌, రామగుండం, గోదావరిఖని పరిసరాల్లో సింగరేణి కార్మికులు, ఉద్యోగులు విధులకు వెళ్లేందుకు సొంత కార్లను వాడటం సాధారణమైంది. మూడు షిఫ్టుల్లో పని సాగుతున్నందున అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా రోడ్లపై రాకపోకలు ఉంటాయి. బొగ్గు టిప్పర్లు, దేవాపూర్‌ సిమెంటు కర్మాగారానికి వచ్చిపోయే లారీలు, మంచిర్యాల-చంద్రాపూర్‌ మార్గంలోని భారీ వాహనాల మధ్య చిన్న కార్లు ప్రయాణించవలసి ఉంటుంది. ఇటువంటి చోట రక్షణ వ్యవస్థ పనిచేయని కారుతో రోడ్డెక్కడం ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే.

దీపం ఏం చెబుతోంది?

ఎయిర్‌బ్యాగ్‌ వ్యవస్థను వాహన పరిభాషలో ఎస్‌ఆర్‌ఎస్‌ అని పిలుస్తారు. సీటుబెల్టుకు తోడుగా పనిచేసే అదనపు రక్షణ ఏర్పాటు అని దీని భావం. కొన్ని కార్లలో బొమ్మకు బదులు ఈ అక్షరాలే కనిపిస్తాయి. తాళం తిప్పిన వెంటనే వ్యవస్థ తనను తాను పరీక్షించుకుంటుంది. ఆ సమయంలో దీపం వెలగడం, అంతా సవ్యంగా ఉంటే కొద్ది సెకన్లలో ఆరిపోవడం సరైన స్థితి.

మూడు సందర్భాల్లో లోపం ఉన్నట్లు గ్రహించాలి. ఒకటి, దీపం ఆరకుండా స్థిరంగా వెలుగుతూ ఉండటం. రెండు, ఆగి ఆగి మిణుకుమనడం, లేదా ప్రయాణం మధ్యలో హఠాత్తుగా వెలగడం. మూడు, తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోవడం. ఈ మూడోది అన్నింటికంటే మోసపూరితమైనది. దీపం కనిపించడం లేదు కనుక లోపమేమీ లేదని యజమాని నిశ్చింతగా ఉంటారు. నిజానికి బల్బు పోయి ఉండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు, లేదా ఎవరైనా ఉద్దేశపూర్వకంగా దీపాన్ని తొలగించి ఉండవచ్చు.

ముందు సీటులోని ప్రయాణికుని ఎయిర్‌బ్యాగ్‌ను నిలిపివేసినట్లు తెలిపే మరో దీపం కొన్ని కార్లలో ఉంటుంది. అది లోపానికి గుర్తు కాదు. రెండింటికీ తేడాను కారుతో ఇచ్చిన యజమాని పుస్తకంలో చూసి తెలుసుకోవాలి.

వ్యవస్థ పనిచేసే తీరు

గేరు లివరు సమీపంలో, మధ్య భాగంలో నేలకు ఆనుకొని ఒక నియంత్రణ పెట్టె ఉంటుంది. వ్యవస్థ మొత్తానికి ఇదే కేంద్రం. కారు ముందు భాగంలోను, పక్క ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న వాహనాల్లో తలుపుల వద్ద స్తంభాల్లోను తాకిడిని పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. ఢీకొన్న తీవ్రత నిర్ణీత స్థాయిని దాటిందని తేలితే నియంత్రణ పెట్టె ఎయిర్‌బ్యాగ్‌లోని రసాయన గుళికకు విద్యుత్తు పంపుతుంది. గుళిక మండి వెలువడిన వాయువుతో సంచి సెకనులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ సమయంలో నిండుతుంది. కన్ను మూసి తెరిచేందుకు పట్టే వ్యవధి కూడా అంతకంటే ఎక్కువే.

అదే సమయంలో సీటుబెల్టును ఒక్కసారిగా బిగించే పరికరం కూడా పనిచేస్తుంది. దీనిని ప్రిటెన్షనర్‌ అంటారు. ఇందులోనూ చిన్న రసాయన గుళిక ఉంటుంది. బెల్టు పెట్టుకున్నదీ లేనిదీ తెలిపే బకిల్‌ స్విచ్‌, ముందు సీటులో మనిషి ఉన్నదీ లేనిదీ గుర్తించే సెన్సర్‌ కూడా చాలా కార్లలో ఈ వ్యవస్థకే అనుసంధానమై ఉంటాయి.

స్టీరింగ్‌ చక్రం తిరుగుతూ ఉంటుంది కనుక దానిలోని ఎయిర్‌బ్యాగ్‌కు మామూలు వైరు ద్వారా విద్యుత్తు అందించడం సాధ్యపడదు. అందుకే స్టీరింగ్‌ కింద చుట్టలుగా చుట్టిన పలుచటి పట్టీ కేబులును అమరుస్తారు. దీనిని క్లాక్‌ స్ప్రింగ్‌ లేదా స్పైరల్‌ కేబుల్‌ అంటారు. చక్రం తిరిగినప్పుడల్లా ఇది చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంటుంది.

కారు నడుస్తున్నంతసేపూ నియంత్రణ పెట్టె ఈ వలయాలన్నింటిలోకి అతి స్వల్ప విద్యుత్తును పంపి వాటి నిరోధాన్ని కొలుస్తూ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్‌ వలయంలో ఇది సాధారణంగా రెండు, మూడు ఓమ్‌ల మేర మాత్రమే ఉంటుంది. ఎక్కడైనా వైరు తెగినా, కనెక్టరు వదులైనా, తుప్పు పట్టినా ఈ కొలత మారుతుంది. వెంటనే దీపం వెలుగుతుంది. లోపానికి సంబంధించిన సంకేత సంఖ్య పెట్టె జ్ఞాపకంలో నమోదవుతుంది.

దీపం వెలగడానికి ప్రధాన కారణాలు

సీటు కింది కనెక్టర్లు: ముందు సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్‌, ప్రిటెన్షనర్‌, బకిల్‌ స్విచ్‌లకు చెందిన కనెక్టర్లు ఉంటాయి. సాధారణంగా ఇవి పసుపు రంగులో ఉంటాయి. సీటును ముందుకు, వెనుకకు జరిపినప్పుడు, లోపల శుభ్రం చేసినప్పుడు, సీటు కింద సంచులు, నీళ్ల సీసాలు కుక్కినప్పుడు ఇవి వదులయ్యే అవకాశముంది. సీటు జరిపినప్పుడు దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే మొదట ఇక్కడే అనుమానించాలి.

క్లాక్‌ స్ప్రింగ్‌: దీపంతో పాటు హారన్‌ మోగకపోవడం, స్టీరింగ్‌పై ఉన్న మీటలు పనిచేయకపోవడం, చక్రం తిప్పేటప్పుడు గరగరమనే శబ్దం రావడం వంటివి కనిపిస్తే క్లాక్‌ స్ప్రింగ్‌ తెగి ఉండవచ్చు. హారన్‌కు, మీటలకు, ఎయిర్‌బ్యాగ్‌కు దారి ఒకటే కావడమే ఇందుకు కారణం. స్టీరింగ్‌ భాగాలకు మరమ్మతు చేసిన తరువాత దీనిని మధ్య స్థానంలో సరిగా అమర్చకపోతే, చక్రాన్ని పూర్తిగా ఒకవైపు తిప్పినప్పుడు తెగిపోతుంది.

బ్యాటరీ బలహీనత: బ్యాటరీ వోల్టేజి బాగా పడిపోయినప్పుడు నియంత్రణ పెట్టె సక్రమంగా పనిచేయలేక లోపాన్ని నమోదు చేస్తుంది. మరో వాహనం బ్యాటరీతో స్టార్టు చేసిన తరువాత, బ్యాటరీ మార్చిన తరువాత దీపం వెలగడానికి ఇదే కారణం కావచ్చు.

బకిల్‌లో దుమ్ము: బెల్టు నాలుక చొప్పించే బకిల్‌ స్విచ్‌లో దుమ్ము, నాణేలు, చిరుతిళ్ల తుంపులు చేరితే స్విచ్‌ సరిగా అతుక్కోదు. బొగ్గు ధూళి, సిమెంటు ధూళి ఎక్కువగా ఉండే గనుల ప్రాంతంలో ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి.

ఎలుకలు, తేమ: రోజుల తరబడి ఒకేచోట నిలిపి ఉంచిన కార్లలో ఎలుకలు వైర్లను కొరకడం సాధారణం. ముందు భాగంలోని సెన్సర్ల కనెక్టర్లలో నీరు, బురద చేరితే లోహపు కాళ్లకు తుప్పు పడుతుంది. వర్షాకాలంలో వెలిగి, ఎండాకాలంలో ఆరిపోయే దీపం వెనుక తరచుగా ఇదే ఉంటుంది.

అదనపు హంగులు: స్టీరియో, అదనపు హారన్లు, కొత్త స్టీరింగ్‌ చక్రం, సీటు కవర్లు అమర్చే సమయంలో వైర్లను తెంపి అతకడం, కనెక్టర్లను ఊడదీసి మళ్లీ పెట్టడం వల్ల లోపాలు ఏర్పడుతున్నాయి. ఇంజిన్‌ తాళం ఆన్‌లో ఉండగా ఒక్కసారి కనెక్టరు ఊడదీసినా లోపం నమోదవుతుంది. మళ్లీ బిగించినా పలు కార్లలో స్కానర్‌తో చెరిపివేసే వరకు దీపం ఆరదు.

గతంలో జరిగిన ప్రమాదం: ఒకసారి ఎయిర్‌బ్యాగ్‌ విచ్చుకున్న కారులో సంచిని మాత్రమే మార్చి ప్రిటెన్షనర్‌ను, సెన్సర్లను, నియంత్రణ పెట్టెను పట్టించుకోకపోతే దీపం వెలుగుతూనే ఉంటుంది.

గుర్తించే క్రమం ఇదీ

మొదటి మెట్టు పరిశీలన. దీపం ఎప్పుడు వెలిగింది, అంతకుముందు కారులో ఏ పని చేయించారు, వర్షంలో తడిసిందా, సీటు జరిపినప్పుడా, స్టీరింగ్‌ తిప్పినప్పుడా అన్న వివరాలను యజమాని ఒక కాగితంపై రాసి పెట్టుకోవాలి. మెకానిక్‌కు ఈ వివరాలు సగం పనిని తగ్గిస్తాయి.

రెండో మెట్టు బ్యాటరీ పరీక్ష. ఇంజిన్‌ ఆపి కొంతసేపు ఉంచిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్‌ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో ఇది 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటుంది. అంతకంటే బాగా తక్కువగా ఉంటే ముందుగా బ్యాటరీ, ఆల్టర్నేటర్‌ల సంగతి తేల్చాలి. ఎయిర్‌బ్యాగ్‌ ఫ్యూజును తాళం ఆపివేసిన తరువాతే చూడాలి.

మూడో మెట్టు సంకేత సంఖ్యలను చదవడం. స్టీరింగ్‌ కింది భాగంలో ఉండే ఓబీడీ సాకెట్‌కు స్కానర్‌ను తగిలించి వీటిని చదువుతారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మార్కెట్లో తక్కువ ధరకు దొరికే సాధారణ కోడ్‌ రీడర్లు ఇంజిన్‌కు చెందిన లోపాలను మాత్రమే చూపుతాయి. అటువంటి పరికరంలో లోపాలేవీ కనిపించలేదంటే ఎయిర్‌బ్యాగ్‌ బాగుందని అర్థం కాదు. ఇంజిన్‌ సంకేతాలు పి అక్షరంతోను, ఎయిర్‌బ్యాగ్‌ వంటి బాడీ విభాగపు సంకేతాలు బి అక్షరంతోను, చాసిస్‌వి సి అక్షరంతోను, పెట్టెల మధ్య సమాచార మార్పిడికి చెందినవి యు అక్షరంతోను మొదలవుతాయి. ఎయిర్‌బ్యాగ్‌ పెట్టెతో మాట్లాడగలిగే స్కానర్‌ను వాడుతున్నారా అని యజమాని ముందే అడగాలి.

నాలుగో మెట్టు సంకేతాన్ని అర్థం చేసుకోవడం. ప్రస్తుతం ఉన్న లోపమా, గతంలో వచ్చి పోయినదా అన్నది స్కానర్‌ వేరుగా చూపుతుంది. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్‌ వలయంలో నిరోధం ఎక్కువ అని వస్తే సంచి చెడిపోయిందని తీర్పు ఇవ్వకూడదు. సంచి, దాని కనెక్టరు, క్లాక్‌ స్ప్రింగ్‌, వైరు, నియంత్రణ పెట్టె అన్నీ ఆ వలయంలోనివే. సంకేత సంఖ్య ఏ వీధిలో దొంగ ఉన్నాడో చెబుతుంది, ఏ ఇంట్లో ఉన్నాడో వెతకవలసింది మెకానిక్కే. సంఖ్య చూసి వరుసగా భాగాలు మార్చుకుంటూ పోతే యజమాని జేబు ఖాళీ కావడం మినహా ఫలితం ఉండదు.

ఐదో మెట్టు భాగాలను విడదీసి పరీక్షించడం. ఇది శిక్షణ పొందినవారి పని. తాళం ఆపి, బ్యాటరీ రుణ ధ్రువాన్ని తొలగించి, తయారీ సంస్థ సూచించినంత సమయం వేచి ఉండాలి. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా పనిచేసేందుకు నియంత్రణ పెట్టెలో కొంత విద్యుత్తు నిల్వ ఉంటుంది. అది హరించుకుపోయేంత వరకు ఆగాలన్నది దీని ఉద్దేశం. తరువాత ఎయిర్‌బ్యాగ్‌ను వేరుచేసి, దాని స్థానంలో అంతే నిరోధం గల పరీక్ష పరికరాన్ని అమర్చి మళ్లీ సంకేతాలు చదువుతారు. లోపం మాయమైతే సంచిలోను, అలాగే ఉంటే వైరులో, క్లాక్‌ స్ప్రింగ్‌లో లేదా పెట్టెలోను ఉన్నట్లు తేలుతుంది. పరీక్ష ముగియగానే ఆ పరికరాన్ని తప్పనిసరిగా తొలగించాలి.

చివరి మెట్టు నిర్ధారణ. మరమ్మతు తరువాత సంకేతాలను చెరిపివేసి, తాళం తిప్పి దీపం వెలిగి ఆరుతోందో లేదో చూడాలి. స్టీరింగ్‌ను రెండువైపులా చివరి వరకు తిప్పాలి. సీట్లను పూర్తిగా ముందుకు, వెనుకకు జరపాలి. కొంతదూరం నడిపి మళ్లీ స్కాన్‌ చేయాలి. లోపాన్ని సరిచేయకుండా సంకేతాన్ని మాత్రమే చెరిపితే దీపం మళ్లీ వెలగడం ఖాయం.

ఇవి అసలే చేయవద్దు

ఎయిర్‌బ్యాగ్‌ను, ప్రిటెన్షనర్‌ను మల్టీమీటరుతో నేరుగా కొలవకూడదు. మీటరు పంపే విద్యుత్తుతో గుళిక పేలే ప్రమాదం ఉన్నందున తయారీ సంస్థలు దీనిని నిషేధించాయి. టెస్ట్‌ ల్యాంపు వాడకం మరింత ప్రమాదకరం.

పసుపు కనెక్టర్లను అనవసరంగా తాకకూడదు. వాటిలో చిన్న లోహపు పట్టీ ఉంటుంది. కనెక్టరు ఊడదీయగానే అది రెండు కాళ్లను కలిపి, స్థిర విద్యుత్తు వల్ల సంచి విచ్చుకోకుండా కాపాడుతుంది. పిన్నులు, సూదులు గుచ్చితే ఈ ఏర్పాటు దెబ్బతింటుంది.

విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను సంచి విచ్చుకునే వైపు పైకి ఉండేలా పెట్టాలి. బోర్లా పెడితే పొరపాటున పేలినప్పుడు అది ఆకాశంలోకి ఎగిరిపడుతుంది. మోసుకువెళ్లేటప్పుడు ఆ వైపు శరీరానికి దూరంగా ఉండాలి. వేడి, వెల్డింగ్‌, సుత్తి దెబ్బలు దాని దరి చేరకూడదు. పాత ఇనుప సామాను దుకాణాల్లో దొరికే వాడిన ఎయిర్‌బ్యాగ్‌లను కొని అమర్చడం ప్రాణాలతో చెలగాటమే.

బల్బు తీసివేయడం, దీపాన్ని వేరొక దీపం వైరుకు కలపడం, వలయంలో శాశ్వతంగా నిరోధకాన్ని అతికించి పెట్టెను నమ్మించడం వంటి అడ్డదారులను ఎట్టి పరిస్థితిలోనూ అంగీకరించరాదు. గనిలో విషవాయువును గుర్తించే పరికరం మోగినప్పుడు దాని నోరు మూయించి పనిలోకి దిగే కార్మికుడు ఉండడు. కారులోని హెచ్చరిక విషయంలోనూ అదే క్రమశిక్షణ అవసరం.

వరదలో మునిగిన కార్లు

2022 జులైలో గోదావరికి వచ్చిన భారీ వరదకు మంచిర్యాల పట్టణంలోని లోతట్టు ప్రాంతాలు నీట మునిగాయి. ఇటువంటి సందర్భాల్లో కారులోకి చేరిన నీరు సీట్ల ఎత్తుకు రాకపోయినా ఎయిర్‌బ్యాగ్‌కు ముప్పే. నియంత్రణ పెట్టె నేలకు ఆనుకొని, తివాచీ ఎత్తులోనే ఉండటం ఇందుకు కారణం. సీటు కింది కనెక్టర్లదీ ఇదే పరిస్థితి.

నీట మునిగిన కారును తాళం తిప్పి చూడకూడదు. బ్యాటరీ తొలగించి, లాగే వాహనం సాయంతో సర్వీసు కేంద్రానికి తరలించాలి. ఎండలో ఆరబెట్టిన తరువాత దీపం ఆరిపోయినా నమ్మకూడదు. లోపల మొదలైన తుప్పు నెలల తరువాత బయటపడుతుంది. బీమా పరిశీలకుడు వచ్చినప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ పెట్టె, కనెక్టర్లను కూడా పరిశీలనలో చేర్పించుకోవాలి.

పాత కారు కొంటున్నారా?

పదవీ విరమణ సొమ్ముతోనో, పొదుపు చేసిన జీతంతోనో పాత కారు కొనుగోలు చేసేవారు ఇంజిన్‌, టైర్లు, రంగు చూసినంత శ్రద్ధగా ఈ దీపాన్ని చూడటం లేదు. కొనుగోలుకు ముందు తాళాన్ని ఇంజిన్‌ స్టార్టు కాని స్థానం వరకు తిప్పి దీపాలను గమనించాలి. ఎయిర్‌బ్యాగ్‌ దీపం స్వతంత్రంగా వెలిగి, స్వతంత్రంగా ఆరాలి. అసలు వెలగకపోయినా, ఆయిల్‌ దీపంతోనో బ్యాటరీ దీపంతోనో కలిసి ఆరుతున్నా అనుమానించాలి.

స్టీరింగ్‌ మధ్య మూత, డాష్‌బోర్డుపై ఎయిర్‌బ్యాగ్‌ మూత రంగు చుట్టుపక్కల భాగాలతో కలుస్తోందా, అతుకులు, జిగురు మరకలు ఉన్నాయా అని చూడాలి. సీటుబెల్టును పూర్తిగా లాగి, అది సాఫీగా తిరిగి చుట్టుకుంటోందో లేదో పరీక్షించాలి. బెల్టు బిగుసుకుపోయి ఉంటే గతంలో ప్రిటెన్షనర్‌ పేలి ఉండవచ్చు. ఎస్‌ఆర్‌ఎస్‌ స్కాన్‌ చేయించి, నివేదిక చేతికి వచ్చిన తరువాతే బేరం ఖాయం చేసుకోవడం మేలు.

దేశంలో తయారయ్యే కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్‌ 2019 జులై 1 నుంచి తప్పనిసరైంది. ముందు సీటు ప్రయాణికుని ఎయిర్‌బ్యాగ్‌ను కొత్త నమూనాల్లో 2021 ఏప్రిల్‌ 1 నుంచి తప్పనిసరి చేశారు. అప్పటికే అమ్మకంలో ఉన్న నమూనాలకు ఇచ్చిన గడువు 2021 డిసెంబరు 31తో ముగిసింది. అంతకుముందు తయారైన కార్లలో ఒకే సంచి ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. కారు తయారైన నెల, సంవత్సరం, దాని నమూనా చూసి ఏమేమి ఉండాలో ముందే తెలుసుకోవాలి.

దీపం చెప్పని లోపాలూ ఉన్నాయి

దీపం విద్యుత్‌ వలయాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. గుళికలోని రసాయనం స్థితి దానికి తెలియదు. జపాన్‌కు చెందిన టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్‌ల విషయంలో ఇదే జరిగింది. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్‌ ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురై గుణం మార్చుకుంది. ప్రమాద సమయంలో లోహపు డబ్బా పగిలి ముక్కలు ప్రయాణికులకు గుచ్చుకున్నాయి. ప్రపంచవ్యాప్తంగా కోట్ల కార్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. భారత్‌లోనూ పలు సంస్థలు ఈ భాగాలను ఉచితంగా మార్చాయి. 2017 జూన్‌లో టకాటా దివాలా ప్రకటించింది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలు కాసే బొగ్గు గనుల ప్రాంతంలో పాత కార్ల యజమానులు ఈ అంశాన్ని మరువరాదు.

నియంత్రణ పెట్టెలో లోపాలకూ ఇటీవలి ఉదాహరణ ఉంది. 2022 డిసెంబరు 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైన ఆల్టో కె10, ఎస్‌-ప్రెస్సో, ఈకో, బ్రెజా, బాలెనో, గ్రాండ్‌ విటారా కార్లలో 17,362 వాహనాలను మారుతి సుజుకి 2023 జనవరిలో వెనక్కి పిలిపించింది. ఎయిర్‌బ్యాగ్‌ నియంత్రణ పెట్టెను పరిశీలించి, అవసరమైతే ఉచితంగా మార్చనున్నట్లు ప్రకటించింది. భాగం మార్చేవరకు ఆ కార్లను నడపవద్దని యజమానులకు సూచించింది.

వాహన రిజిస్ట్రేషన్‌ పత్రంలో ఉన్న చాసిస్‌ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైటులో నమోదు చేస్తే తమ కారు ఇటువంటి జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. సర్వీసు కేంద్రంలో అడిగినా చెబుతారు. పాత కారు కొన్నవారి చిరునామా సంస్థ వద్ద ఉండదు కనుక వారికి సమాచారం అందకపోవచ్చు. వారు తామే చూసుకోవాలి. రీకాల్‌ కింద మార్చే భాగానికి రుసుము ఉండదు.

బెల్టు లేకుంటే సంచీ శత్రువే

ఎయిర్‌బ్యాగ్‌ సీటుబెల్టుకు తోడు మాత్రమే, బదులు కాదు. బెల్టు లేని శరీరం ముందుకు దూసుకుపోతూ, అత్యంత వేగంగా విచ్చుకుంటున్న సంచికి ఎదురువెళ్లి తగులుతుంది. అప్పుడు రక్షించవలసినదే గాయపరుస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 16,715 మంది సీటుబెల్టు ధరించనివారని కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక వెల్లడించింది. సీటుబెల్టు ధరించకుంటే మోటారు వాహనాల చట్టం కింద రూ.1,000 జరిమానా ఉంది.

బెల్టు పెట్టుకోకుండానే హెచ్చరిక శబ్దాన్ని ఆపేందుకు బకిల్‌లో చొప్పించే లోహపు క్లిప్పులను కొందరు వాడుతున్నారు. ఇటువంటి క్లిప్పుల అమ్మకాలను తొలగించాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మేలో ఐదు ఆన్‌లైన్‌ విక్రయ సంస్థలను ఆదేశించింది. బెల్టు పెట్టుకున్నారన్న తప్పుడు సమాచారం వ్యవస్థకు చేరడం ఎంతమాత్రం క్షేమం కాదు.

కారు ముందు అమర్చే ఇనుప కడ్డీల రక్షణ చట్రాలదీ ఇదే సంగతి. ఢీకొన్న తాకిడిని సెన్సర్లకు సరిగా చేరనీయకుండా ఇవి అడ్డుపడతాయి. వీటిపై చర్యలు తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. డాష్‌బోర్డుపై ఎయిర్‌బ్యాగ్‌ మూత మీద దేవుడి విగ్రహాలు, సెల్‌ఫోన్‌ స్టాండ్లు, అత్తరు సీసాలు అతికించకూడదు. సంచి విచ్చుకున్నప్పుడు అవి ముందు సీటులోని వారి ముఖంపైకి దూసుకువస్తాయి. సీటు పక్కల ఎయిర్‌బ్యాగ్‌ ఉన్న కార్లకు అందుకు తగిన కవర్లనే వాడాలి. డ్రైవరు ఛాతీకి, స్టీరింగ్‌కు మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండేలా సీటును సర్దుకోవాలి. పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టాలి. వెనుకవైపు ముఖం ఉండే శిశు సీటును పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్‌ ముందు ఎన్నడూ అమర్చకూడదు.

దీపం వెలిగిన కారును నడపవచ్చా?

ఇంజిన్‌, బ్రేకులకు ఈ లోపంతో సంబంధం లేదు కనుక కారు కదులుతుంది. అయితే దీపం వెలిగినప్పుడు ప్రమాద సమయంలో సంచులు, బెల్టు బిగింపు పరికరాలు కొన్ని లేదా అన్నీ పనిచేయకపోవచ్చునని భావించాలి. అరుదుగా అకారణంగా విచ్చుకునే అవకాశాన్నీ తోసిపుచ్చలేం. అందుచేత దూర ప్రయాణాలు మానుకొని, బెల్టు ధరించి, నెమ్మదిగా దగ్గరలోని సర్వీసు కేంద్రానికి వెళ్లడం ఉత్తమం. వారంటీ ఉన్న కార్లను అధీకృత కేంద్రానికే తీసుకువెళ్లాలి. బయటి వ్యక్తులు వైర్లు తెంపితే వారంటీ వర్తించకపోవచ్చు.

యజమానులు గుర్తుంచుకోవలసినవి

* తాళం తిప్పిన ప్రతిసారీ దీపం వెలిగి ఆరడాన్ని గమనించాలి.
* సీటు కింద వస్తువులు కుక్కకూడదు. బకిల్‌ను నెలకొకసారి శుభ్రం చేయాలి.
* స్కానర్‌ చూపిన సంకేత సంఖ్యల ప్రతిని అడిగి తీసుకోవాలి.
* ఏ పరీక్షతో లోపం తేలిందో చెప్పకుండా భాగం మార్చాలంటే అంగీకరించకూడదు.
* మార్చిన పాత భాగాన్ని చూపించమనాలి. బిల్లులో భాగం పేరు, సంఖ్య రాయించుకోవాలి.
* నియంత్రణ పెట్టెను మార్చితే కారు నమూనాకు అనుగుణంగా దానిని కోడింగ్‌ చేశారో లేదో నిర్ధారించుకోవాలి.
* కారును తిరిగి తీసుకునే ముందు దీపం స్వతంత్రంగా వెలిగి ఆరడాన్ని తామే చూడాలి.

కనెక్టరు బిగించడంతో, బకిల్‌ శుభ్రం చేయడంతో తీరిపోయే లోపాలు తక్కువేమీ కాదు. పెద్ద ఖర్చవుతుందన్న భయంతో నెలల తరబడి వాయిదా వేయడం కంటే ఒకసారి స్కాన్‌ చేయించి అసలు సంగతి తెలుసుకోవడమే వివేకం. రాత్రి షిఫ్టు ముగించుకొని సోమగూడెం మీదుగా ఇంటికి చేరే కార్మికుని కోసం ఎదురుచూసే కుటుంబానికి ఆ చిన్న దీపం సకాలంలో ఆరడం ఎంతో అవసరం.